కీర్తనకవి పురుషోత్తమ చౌదరి

తుగ్గలికి చేరువనున్న ఎర్రగుడి బండలపై అశోకుని ధర్మశాసనములు కలవు. వానిని చెక్కించుటతో తృప్తిపడక, భేరి మ్రోగించి జానపదులకు తెలుపవలెనని ఆ చక్రవర్తి అధికారుల నాజ్ఞాపించెను. అక్షర మెరుగని జనులకు ధర్మము చెవి ద్వారముననే చేరవలెనని ఆయన గ్రహించెను. రెండువేల యేండ్లు దాటిన పిమ్మట, ఆ గ్రహింపుతోనే తెలుగు క్రైస్తవ సంఘములకు పాటను ప్రసాదించిన మహనీయుడు పురుషోత్తమ చౌదరి.

ఆయన 1803లో, ఆంధ్రోత్కళ సీమలు కలియు పర్లాకిమిడి ప్రాంతమున, బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి కూర్మనాథ చౌదరి. పాండిత్యమును, భక్తియు కలిగిన వాతావరణమున పెరిగిన ఆ యువకుని మోక్షచింత విడువలేదు. క్రైస్తవ గ్రంథములను చదివి, చిరకాలము విచారించి, 1833లో, ముప్పదియేండ్ల ప్రాయమున, బాప్తిస్మము పొందెను.

ఆ కాలమున మతాంతరమనగా కులమును, బంధువర్గమును, పుట్టిన యింటిని ఒక్కసారిగా కోల్పోవుటయే. ఆ దుఃఖమును చౌదరి అనుభవించెను. అయినను వెనుదిరుగక, బోధకుడై ఉత్తరాంధ్ర, గంజాము సీమలందు ఊరూర తిరిగెను.

నాటి సంఘములలో పాటకు గొప్ప చిక్కు ఉండెను. పాశ్చాత్యుల బాణీలకు తెలుగు మాటలను కూర్చినచో హ్రస్వములు దీర్ఘములై, దీర్ఘములు హ్రస్వములై, అర్థము చెడుచుండెను. చౌదరి ఆ త్రోవ త్రొక్కలేదు. కర్ణాటక రాగతాళములలో, పల్లవియు చరణములును కల కీర్తనలను యతిప్రాసల సొంపుతో రచించెను. అన్నమయ్య నాటినుండి తెలుగువారి చెవికి అలవడిన మార్గమది. పల్లవి మరల మరల వచ్చును గనుక, పుస్తకము పట్టనివాడును రెండు మూడు వినికిడులతో గొంతు కలుపగలడు. తంజావూరున వేదనాయక శాస్త్రి తమిళమున చేసిన సేవవంటిదే తెలుగున ఈయన సేవ. ఆయన కీర్తనలు నూటికి పైబడినవి. అవిగాక యేసునాయక శతకమును, కులభేదములను విమర్శించు కులాచార పరీక్షయు వెలువరించెను.

లండను మిషను 1810లో బళ్లారి చేరి, పిదప కడప, గుత్తి వైపులకు వ్యాపించెను. రాయలసీమ పల్లెలలో ఆ సంఘములందు చేరినవారిలో పెక్కుమంది దళితులు. తరతరములుగా చదువును, శాస్త్రీయ సంగీతమును వారికి అందనీయలేదు. అట్టివారి ప్రార్థనకూటములకు రాగతాళములతో కూడిన కీర్తన తాళములు, మద్దెలతో వచ్చెను. పొలముపని ముగించుకొని వచ్చినవారు దీపము వెలుగున పాడి నేర్చిరి. తల్లులు బిడ్డలకు నేర్పిరి. ఎందరికో అదియే తొలి పాఠము, అదియే వేదవ్యాఖ్యానము. కులము వదలి వచ్చిన పండితుని విద్య, కులము పేర విద్యకు దూరమైనవారి సొత్తయ్యెను. చౌదరి జీవితమునకు ఇంతకుమించిన సార్థక్యము లేదు.

1890లో ఆయన పరమపదించెను. సంఘములు వేరైనను, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ఆయన పాటలు అందరికిని ఉమ్మడి. ఎర్రగుడి బండలపై లిపి మరుగునపడి, శతాబ్దములు చదువువారు లేకపోయిరి. చౌదరి మాట జనుల నాలుకపై నిలిచెను గనుక, ఆదివారపు ఆరాధనలలో నేటికిని వినవచ్చుచున్నది.