టోకియోలో మెకార్థరు దొరతనము

టోకియో నగరమున చక్రవర్తి కోటకు ఎదురుగా, అగడ్తకు ఈవలి గట్టున, దాయిచి జీవితబీమా సంఘమువారి రాతిమేడ యొకటి కలదు. యుద్ధకాలమున నగరములో పెక్కు భాగము కాలిపోయినను ఆ మేడ నిలిచెను. 1945 సెప్టెంబరు 17 నుండి అది మిత్రరాజ్యముల సర్వసేనాధిపతి కార్యాలయమయ్యెను. అందలి ఆరవ అంతస్తున కూర్చుండి జనరల్ డగ్లస్ మెకార్థరు అయిదున్నర యేండ్లు, ఏడుకోట్లకు పైబడిన జపానీయులపై అధికారము నెఱపెను. ఎవరును ఎన్నుకొనని ఆ యధికారి వారికి ఎన్నికలను నేర్పుటకు పూనుకొనెను. ఆయన చరిత్రలోని చిక్కంతయు ఇందే యున్నది.

1880 జనవరి 26న, అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రమున, లిటిల్ రాక్ పట్టణపు సైనికావాసమున ఆయన జన్మించెను. తండ్రి ఆర్థరు మెకార్థరు ఫిలిప్పీను దీవులకు సైనిక గవర్నరుగా నుండి, దేశాధ్యక్షుడు పంపిన పౌరాధికారి టాఫ్టుతో పొసగక 1901లో ఆ పదవిని విడువవలసి వచ్చెను. కుమారుని కథ చదువునపుడు ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. డగ్లస్ 1903లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలనుండి ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. రెండు ప్రపంచయుద్ధములలో ఆయన చేసిన పోరాటములను వర్ణింపబూనిన అదియే యొక గ్రంథమగును. 1942లో ఫిలిప్పీనులను విడిచి ఆస్ట్రేలియా చేరుటయు, 1944 అక్టోబరులో లేటే దీవిపై తిరిగి కాలుమోపుటయు జగద్విదితములు.

1945 ఆగస్టు 30న ఆయన అత్సుగి విమానాశ్రయమున ఆయుధము ధరింపకయే దిగెను. సెప్టెంబరు 2న మిస్సోరి యుద్ధనౌకపై లొంగుబాటు పత్రములపై సంతకములు జరిగెను. చక్రవర్తిని విచారణకు లాగవలెనని కొన్ని దేశములు కోరినను మెకార్థరు అందుల కొప్పుకొనలేదు. సెప్టెంబరు 27న హిరోహిటో తానే ఆయనను చూడవచ్చెను. ఆనాటి ఛాయాచిత్రమున చక్రవర్తి నిండు దుస్తులతో బిగుసుకొని నిలిచియుండగా, ప్రక్కను పొడగరియైన సేనాని మెడబొత్తాము విప్పుకొని, చేతులు నడుమున నుంచుకొని కనుపించును. దానిని ప్రచురించిన పత్రికలను జపాను ప్రభుత్వము నిషేధింపగా, సేనాకార్యాలయము ఆ నిషేధమును త్రోసివేసెను.

రాజ్యాంగము మాట మఱింత విచిత్రము. జపాను ప్రభుత్వము వారు సిద్ధము చేసిన చిత్తు పాతదానికే మెఱుగు దిద్దినట్లుండుటచే, 1946 ఫిబ్రవరిలో కర్ట్నీ విట్నీ నాయకత్వమున కార్యాలయోద్యోగులు వారము రోజులలో క్రొత్తదానిని వ్రాసిరి. స్త్రీపురుష సమానత్వమును గూర్చిన నిబంధనలను వ్రాసినది టోకియోలో పెరిగిన 22 ఏండ్ల యువతి, బియాటె సిరోటా. ఆ యేప్రిల్ ఎన్నికలలో స్త్రీలు మొదటిసారి వోటు వేసిరి. 39 మంది స్త్రీలు సభకు ఎన్నికైరి. 1947 మే 3న అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగము నేటివరకు ఒక్క సవరణమునైన పొందలేదు. నా దృష్టిలో భూసంస్కరణము అంతకంటె గొప్పది. సాగుభూమిలో సగమునకు దగ్గరగా కౌలుక్రింద నుండెడిది. ప్రభుత్వము భూస్వాముల భూమిని కొని దున్నువారికే అమ్మగా, 1950 నాటికి కౌలుభూమి పదవవంతునకు దిగెను.

ఐనను, వాక్స్వాతంత్ర్యమును రాజ్యాంగమున వ్రాసినవారే 1949 వరకు జనుల ఉత్తరములను విప్పి చదివించిరి; అణుబాంబును గూర్చిన వ్రాతలను త్రొక్కిపెట్టిరి. పత్రికలపై తనిఖీ జరుగుచున్నదని పైకి చెప్పుటయు నేరమే. 1947 ఫిబ్రవరి 1న జరుగవలసిన సార్వత్రిక సమ్మెను ముందునాడు మెకార్థరు నిషేధించెను. విద్యార్థులకు ఈ భాగమును విడిచి చెప్పుట న్యాయము గాదు.

జపానులోని ఆక్రమణసేనలో భారతసైనికులును ఉండిరి. 1962–64లో ఆంధ్రప్రదేశ్ గవర్నరైన జనరల్ శ్రీనాగేశ్ అచ్చటి భారతదళమునకు నాయకత్వము వహించినవాడే.

1950 జూన్ 25న కొరియా యుద్ధము రేగగా ఐక్యరాజ్యసమితి సేనలకును ఆయనయే అధిపతియై, టోకియోనుండియే యుద్ధము నడపెను. కొరియాకు పలుమారు వెళ్ళెను గాని అచ్చట ఒక్కరాత్రియు గడపలేదు. సెప్టెంబరు 15న ఇంచన్ రేవున సేనలను దింపి శత్రువును వెనుకకు తఱిమెను. చీనా సేనలు వచ్చిపడునను హెచ్చరికలను తేలికగా తీసికొనెను. ఆ శీతకాలమున వేలాది సైనికులు బలియైరి. పిమ్మట యుద్ధమును చీనా గడ్డకు విస్తరింపవలెనని బహిరంగముగా వాదింపసాగెను. 1951 ఏప్రిల్ 11న అధ్యక్షుడు ట్రూమన్ ఆయనను తొలగించెను. రేడియోలో వచ్చిన ఆ వార్తను, భోజనమున కూర్చున్న ఆయనకు భార్య వచ్చి మెల్లగా చెప్పెను.

ఏప్రిల్ 16 తెల్లవారుజామున విమానాశ్రయపు దారి పొడవునను జపానీయులు గుంపులుగా నిలిచి వీడ్కోలిచ్చిరి. మఱునెలలో అమెరికా సెనేటు విచారణమున ఆయన జపానీయులను పండ్రెండేండ్ల బాలునితో పోల్చెను. నేర్చుకొను గుణము గలవారని మెచ్చుటకే అట్లనెనేమో గాని, వారి మనసు విరిగెను. ఆయనకై తలపెట్టిన గౌరవములు ఆగిపోయెను. 1964 ఏప్రిల్ 5న మరణించిన మెకార్థరును వర్జీనియాలోని నార్‌ఫోక్ పట్టణమున సమాధి చేసిరి. దాయిచి మేడ 1952లో సొంతదారుల చేతికి తిరిగి వచ్చెను. తరువాత దానిని చాలవరకు పునర్నిర్మించిరి గాని, ఆరవ అంతస్తులోని ఆ గదిని, సొరుగులు లేని ఆయన వ్రాతబల్లను వారు అట్లే నిలిపియుంచిరి.