డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు - బోదవ్యాధి మందు

బోదవ్యాధి నిర్మూలనకై పనిచేయు ఆరోగ్యశాఖ సిబ్బంది రాత్రి ఎనిమిది గంటలు దాటిన పిమ్మట వీథులలోనికి బయలుదేరుట పుదుచ్చేరి పట్టణమునకు చిరకాలము పరిచితమైన విషయమే. ఇంటింటికిని పోయి, నిద్రకు సిద్ధమగుచున్న వారిని వేలు చాపుడని అడిగి, సూదితో పొడిచి, ఒక బొట్టు రక్తమును గాజుపలకపై పరచి, పేరు వ్రాసికొని పోవలెను. ఈ పని పగలు చేయరాదా యని ఇల్లాండ్రు విసుగుకొనుట సహజమే. కాని పగలు తీసిన రక్తములో రోగము దొరకదు. బోదవ్యాధిని కలిగించు పురుగు పెట్టు పిల్లలు, అనగా మైక్రోఫైలేరియాలు, పగలెల్ల ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగియుండి, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట చర్మము క్రిందికి చేరును. దోమ కుట్టు వేళయు అదియే.

ఈ రహస్యము ఒక్కరోజున తెలిసినది కాదు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తములో ఈ సూక్ష్మక్రిములను చూచెను. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఇవి దోమ కడుపులో పెరుగుట కనుగొనెను. ఆ మాన్సన్ ప్రోత్సాహముతోనే రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన మలేరియా క్రిమిని దోమలో పట్టుకొనెను. రోగము తెలిసెను, దోమ తెలిసెను. కాని రోగి కిచ్చుటకు మందు మాత్రము మరి యేబది సంవత్సరముల వరకు లభింపలేదు. ఆ మందు వెలువడిన పరిశోధనశాలకు అధిపతి గోదావరి మండలమున పుట్టిన ఆంధ్రుడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విరమించుకొనిరి. తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పదుమూడేండ్ల ప్రాయమున సుబ్బారావుగారు కాశీకిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోగా, వెదకి వెనుకకు తెచ్చి మరల బడికి పంపిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. పిల్లవాడు పరీక్ష తప్పెనని కుమిలిపోవు తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకొనవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు సన్న్యాసము వైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరవలెనని కోరిక. వైద్యము నేర్చినచో సేవకు పనికివచ్చునని మఠమువారు సలహా యిచ్చిరట. ఆ విధముగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. 1919లో వివాహమైనది, భార్య శేషగిరిగారు. చదువు ఖర్చునకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అండగా నిలిచిరి. గాంధీమహాత్ముని పిలుపు వినిపించుచున్న రోజులవి. సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు వస్త్రములు ధరించి పోయిరి. శస్త్రచికిత్సా శాఖకు ఆచార్యుడైన ఆంగ్లేయునికి ఇది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టము రాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఖద్దరు చొక్కాకు ఇంత వెల చెల్లించిన విద్యార్థులు ఆ దినములలో మరికొందరు ఉండిరి. కాని ఈ వెల ఆయనను అమెరికావరకు వెంటాడినది.

ఇదే కాలమున ఆ యింట పెద్ద విపత్తు సంభవించెను. ఇద్దరు సోదరులు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. తిన్నది ఒంటబట్టక, విరేచనములతో మనిషి ఎండి, రక్తము పలుచబడి చనిపోవు జబ్బు అది. మన వైద్యులు సంగ్రహణి యనునది దీనికి సన్నిహితము. సుబ్బారావుగారికిని అదే వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. లక్ష్మీపతిగారి ధర్మపత్ని రుక్మిణమ్మగారే పిదప 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున ప్రజారోగ్య శాఖను నిర్వహించిన విదుషి. స్వస్థులైన పిమ్మట సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి. ఆధునిక వైద్యము చదివినవాడు ఆయుర్వేదము వలన ప్రాణము దక్కించుకొనుట ఆయనను లోతుగ ఆలోచింపజేసియుండును. తనకు నయమైనది, సోదరులకు కాలేదు, ఎందుచేత?

ఆ ప్రశ్నతో 1920ల తొలి సంవత్సరములలో బోస్టను నగరము చేరిరి. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమున డిప్లొమా సంపాదించిరి. ఎల్.ఎం.ఎస్. పట్టముతో అచట వైద్యవృత్తి సాగదు. జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పోర్టరు పని చేసిరి. పగలు హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన. రక్తములోను కండరములోను భాస్వరము ఎంత యున్నదో రంగు ననుసరించి కొలుచు పద్ధతి నొకదానిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ద్రావకము నీలివర్ణము దాల్చును. ఆ నీలిమ ఎంత గాఢమైన భాస్వరము అంత. మూత్రపిండముల జబ్బు, ఎముకల జబ్బు గుర్తించుటకు వైద్యులకు ఇది గొప్ప సాధనమాయెను. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అను పేర లోకమునందలి జీవరసాయన విద్యార్థులెల్లరు దీనిని నేర్చిరి.

ఆ కొలబద్దతోనే 1927లో కండరమునందలి ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. రెండవదానిని అదే యేట జర్మనీలో లోమాన్ కూడ కనుగొనెను. మనము చేయి కదపినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగు శక్తికి ఇవియే మూలధనము. 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చెను గాని, దానికి తగిన స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. తన పేరు ముందు పెట్టుకొను స్వభావము ఆయనకు లేకుండుట ఇందుకొక కారణమై యుండవచ్చును.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు వీడి న్యూయార్కు రాష్ట్రములోని పర్ల్ రివర్ నందున్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, త్వరలోనే దాని పరిశోధనలకు అధ్యక్షులైరి. అచ్చట గడపినవి ఎనిమిదేండ్లు మాత్రమే. ఆ యెనిమిదేండ్లలో వెలువడిన మందులను తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. మొదటిది ఫోలిక్ ఆమ్లము. ఆయన బృందము 1945లో దీనిని కృత్రిమముగ తయారుచేసెను. దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా రక్తము మరల ఊరి, రోగులు కోలుకొనిరి. సోదరులు పోయి పాతికేండ్లు దాటిన పిమ్మట జవాబు దొరికెను. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను కూడ అచ్చటనే కూర్చిరి. 1948లో సిడ్నీ ఫార్బర్ దానితో పిల్లల రక్తపు కేన్సరును తాత్కాలికముగనైనను అణచెను. నేడు వాడుకలోనున్న మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

రెండవది ఆరియోమైసిన్. పదవీవిరమణ చేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీ సంస్థ చేరదీసినది. డెబ్బదియేండ్లు దాటిన ఆయనకు మట్టిలో మందు వెదకు పని అప్పగించిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె శిలీంధ్రసదృశ జీవి యొకటి లభించెను. దాని రసము పెన్సిలిన్ లొంగదీయలేని పెక్కు క్రిములను, టైఫస్ జ్వరపు క్రిములను కూడ అణచెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఇదియే మొదటిది. 1994లో సూరత్ నగరమున ప్లేగు భయము వ్యాపించినపుడు ప్రజలు మందుల దుకాణములముందు బారులు తీరి కొనినది ఈ కుటుంబపు గొట్టములనే.

ఇక మూడవది, పుదుచ్చేరి వారికి అన్నింటికన్న దగ్గరిది, బోదవ్యాధి మందు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో పోరాడిన వేలాది అమెరికను సైనికులకు ఈ వ్యాధి సోకెను. మన గోదావరి మండలములలో తరతరములుగ కాళ్లు వాచి కదలలేక కూర్చున్న బీదలకొరకు ఏ సంస్థయు మందు వెదకలేదు. సైనికుల వాపులు చూచిన పిమ్మట వెదకులాట వేగము పుంజుకొనెను. లోకరీతి అట్టిది. కాని భీమవరమున పుట్టినవానికి ఆ కాళ్ల బరువు ఎట్టిదో ఒకరు చెప్పవలసిన పనిలేదు.

మనుష్యుల బోదపురుగు ప్రయోగశాల జంతువులలో పెరుగదు. కావున పత్తియెలుకలలో సహజముగ నుండు అట్టి పురుగును ఎన్నుకొని, హ్యూయిట్ మున్నగు సహచరులు సమ్మేళనముల నొకదానివెంట నొకటిగ ఎలుకలపై పరీక్షించిరి. పైపరజీన్ జాతికి చెందిన ఒక సమ్మేళనము ఇచ్చినంతనే రక్తములోని క్రిములు మాయమాయెను. ఎలుకల పిదప కుక్కలపై చూచిరి. 1947లో ప్యూర్టోరికో ద్వీపమున మనుష్యులకును ఇచ్చి ఫలము పొందిరి. ఇదియే డైఇథైల్‌కార్బమజీన్, హెట్రజాన్ అను వ్యాపారనామము గలది. విచిత్ర మేమనగా గాజునాళములో క్రిములపై పోసిన ఇది వానిని అంతగ బాధింపదు. శరీరములో మాత్రము మన రక్షకకణములు వానిని పట్టి చంపునట్లు చేయును. మరియొక ఉపయోగము పిదప తెలియవచ్చెను. చిన్నమోతాదు పగలు ఇచ్చినచో దాగియున్న క్రిములు కలవరపడి బయటి రక్తమునకు వచ్చును. కావున రాత్రివరకు వేచియుండకయే రోగమును గుర్తింపవచ్చును.

ఆ మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి పరుండిన సుబ్బారావుగారు మరల లేవలేదు. నిద్రలోనే గుండె ఆగినది. వయస్సు 53. ఆరియోమైసిన్‌ను లోకమునకు ప్రకటించి కొన్ని వారములే యైనవి. 1946 చట్టముతో భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు అవకాశము కలిగినను ఆయన దానిని తీసికొనలేదు. స్వదేశమునకును మరల రాలేదు. భర్త ఓడ యెక్కిన నాటినుండి శేషగిరిగారు ఆయనను మరల చూడలేదు. ఆయన మందులవలన బ్రదికినవారి లెక్క ఎంత పెద్దదైనను ఈ లెక్కను అది కొట్టివేయజాలదు. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించినది.

మందు మన దేశమునకు పెద్దయెత్తున వచ్చినది 1955లో జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమము మొదలైనపుడు. రక్తములో క్రిములున్నవారికి పండ్రెండు దినములు మాత్రలు ఇచ్చుట దాని పద్ధతి. పుదుచ్చేరియందు దోమకు కొరత లేదు. బోదను మోయు క్యూలెక్స్ దోమ మంచినీటిని ఆశింపదు. మురుగు నిలిచిన కాలువలు, పాయిఖానా గుంటలు, పాడుబడిన నూతులు దానికి పుట్టిండ్లు. ఫ్రెంచివారి కాలమున తెల్లవారి పట్టణమును నల్లవారి పట్టణమును విడదీసిన పెద్దకాలువ మనుష్యులను విడదీసినది గాని దోమను విడదీయలేదు. 1975లో భారత వైద్య పరిశోధన మండలి ఈ పట్టణముననే రోగవాహక కీటకముల నియంత్రణ పరిశోధనకేంద్రమును స్థాపించెను. 1981 నుండి 1985 వరకు ఆ కేంద్రమువారు పట్టణమంతట మురుగు నిలువకుండ జేయుట, పిల్లపురుగులను తిను చేపలను వదలుట మున్నగు పనులను పౌరులను కలుపుకొని సాగించిరి.

పుదుచ్చేరి పాలనలోనే యున్న కారైకాలులో దాదాపు అదే కాలమున, 1982 నుండి 1986 వరకు, వేరొక ప్రయోగము జరిగినది. సుబ్బారావుగారి పరిశోధనశాల మందును వంటయుప్పులో స్వల్పముగ కలిపి అమ్మిరి. ఉప్పులేని కూర యుండదు గదా! రోజును కూటితోబాటు మందు లోనికి పోయెను. క్రిములు గల వారి సంఖ్య బాగుగ తగ్గెను. ఈ యుప్పు పద్ధతిని చైనా దేశము విస్తారముగ ఆచరించి, 2007లో బోదవ్యాధినుండి విముక్తమైనట్లు గుర్తింపు పొందెను.

మన దేశము ఉప్పు మార్గమును విడిచి, 2004 నుండి ఏడాది కొకమారు ఊరందరికిని మాత్రలు మ్రింగించు మార్గమును చేపట్టినది. రెండేండ్లు దాటి ఆరేండ్లలోపు పిల్లలకు ఒక్క మాత్ర, పదునాలుగేండ్లవరకు రెండు, ఆపై వారికి మూడు. గర్భిణులకు, మిక్కిలి జబ్బుగా నున్నవారికి ఇయ్యరు. పరగడుపున మ్రింగరాదు. పెద్దపురుగులు శరీరములో కొన్ని సంవత్సరములు జీవించును గావున ఒక్కయేడు మ్రింగిన చాలదు. చిక్కు అచ్చటనే వచ్చినది. కాలు వాచినవాడు మాత్రకై చేయిచాపును. కాని వాచిన కాలిని ఈ మందు పూర్వస్థితికి తేలేదు. ఏ బాధయు లేని పొరుగువాని రక్తములోనే క్రిములుండును. ఆతడు తనకేల యని అడుగును. క్రిములు చచ్చునపుడు ఒకటిరెండు దినములు జ్వరము తగులుటతో మందే జబ్బు తెచ్చినదని ఊరెల్ల చెప్పును. మాత్రలు తీసికొని కిటికీలో పెట్టి మరచినవారు కోకొల్లలు. అందుచే మాత్రలు ఇచ్చి పోరాదని, ఇంటివారు తమ యెదుట మ్రింగువరకు గుమ్మమున నిలువవలెనని పనివారికి ఆదేశమైనది.