హెర్మన్ హెల్రీగెల్

హెర్మన్ హెల్రీగెల్ (అక్టోబరు 21, 1831 - సెప్టెంబరు 24, 1895) జర్మనీకి చెందిన ప్రముఖ వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త. పప్పుజాతి మొక్కలు తమ వేరుబుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకోగలవని 1886లో ప్రకటించాడు. నత్రజని లభ్యతను బట్టి పైరు ఎదుగుదల ఎలా మారుతుందో ఇసుక కుండీలలో కొలిచి చూపాడు.

బాల్యం, విద్య

ఈయన సాక్సనీ రాజ్యంలో పెగావు పట్టణ సమీపంలోని మౌసిట్జ్ గ్రామంలో జన్మించాడు. థారాంట్ విద్యాలయంలో రసాయన శాస్త్రాచార్యుడు అడాల్ఫ్ స్టోక్‌హార్ట్ వద్ద చదివి, ఆయనకే సహాయకుడిగా పనిచేశాడు.

డామెలో పరిశోధనలు

1850ల చివరలో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని డామె వ్యవసాయ ప్రయోగ కేంద్రానికి అధిపతి అయ్యాడు. పొలం మట్టిలో ఏ పోషకం ఎంత ఉన్నదో కచ్చితంగా తెలియదు కనుక, కడిగిన ఇసుకను కుండీలలో నింపి, తూచిన లవణాలను మాత్రమే కలిపి మొక్కలను పెంచే పద్ధతిని అభివృద్ధి చేశాడు. పైరు పెరగడానికి ఎంత నీరు కావాలో కూడా కొలిచాడు. ఒక కిలో ఎండు పదార్థం తయారు కావడానికి బార్లీ పైరు 300 కిలోలకు పైగా నీటిని ఆవిరిగా వదులుతుందని తేల్చాడు. ఈ పరిశోధనల ఫలితాలను 1883లో గ్రంథంగా ప్రచురించాడు.

బెర్న్‌బర్గ్ ప్రయోగాలు

1882లో బెర్న్‌బర్గ్‌లో ఏర్పడిన ప్రయోగ కేంద్రానికి అధిపతి అయ్యాడు. చక్కెర దుంప సాగుకు తోడ్పడడం ఆ కేంద్రం ముఖ్యోద్దేశం.

అప్పటికి నత్రజని గురించి ఒక చిక్కు ప్రశ్న మిగిలి ఉన్నది. క్లోవర్, బఠాణీ మొక్కలు మట్టిలో లేని నత్రజనిని ఎక్కడినుండో సంపాదిస్తున్నాయని 1838లో ఫ్రాన్సుకు చెందిన బూసాంగో గమనించాడు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1857-58లో జరిగిన ప్రయోగాలు దీనిని సమర్థించలేదు. అక్కడ మట్టిని ముందుగా కాల్చి వాడారు. అందువల్ల అందులోని సూక్ష్మజీవులు నశించాయి.

హెల్రీగెల్, ఆయన సహచరుడు హెర్మన్ విల్ఫార్త్ కలసి ఇసుక కుండీలలో నైట్రేటును వేర్వేరు మోతాదులలో వేశారు. నైట్రేటు లేని కుండీలో ఓట్స్, బార్లీ మొక్కలు గింజలోని నిల్వ తీరగానే ఎదుగుదల మానివేశాయి. నైట్రేటు పెంచిన కొద్దీ వాటి దిగుబడి పెరిగింది. బఠాణీ మాత్రం ఈ క్రమానికి లోబడలేదు. నైట్రేటు లేని ఇసుకలోనే కొన్ని మొక్కలు ఆకలితో చనిపోగా, కొన్ని కోలుకుని పచ్చగా పెరిగాయి. బాగా పెరిగిన మొక్కల వేర్లకు బుడిపెలు ఉన్నాయి.

తరువాత ఇసుకను వేడిచేసి సూక్ష్మజీవులను చంపి, కొన్ని కుండీలలో మాత్రమే పొలం మట్టి కలిపిన నీరు పోశారు. ఆ కుండీలలోని బఠాణీకి బుడిపెలు వచ్చాయి. అదే నీటిని మరిగించి పోస్తే రాలేదు. లూపిన్ అనే పప్పుజాతి మొక్కకు దుంపల పొలపు మట్టి పనిచేయలేదు. లూపిన్ పండే ఇసుక నేలల మట్టి కావలసివచ్చింది. 1886లో బెర్లిన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో హెల్రీగెల్ ఈ విషయాన్ని ప్రకటించాడు. పూర్తి నివేదిక 1888లో వెలువడింది. అదే ఏడాది డచ్చి శాస్త్రవేత్త బైయెరింక్ బుడిపెలలోని బాక్టీరియాను వేరుచేశాడు.

వేరు, కొమ్మల ఎదుగుదల

నత్రజని వేరును, పైభాగాన్ని ఒకే నిష్పత్తిలో పెంచదని తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. నత్రజని కొరవడితే మొక్క తన ఆహారంలో ఎక్కువ వాటాను వేర్లకు పంపుతుంది. ఆకులు చిన్నవై, ముదురు ఆకులు ముందుగా పసుపు రంగుకు మారతాయి. నత్రజని పుష్కలంగా ఉంటే ఆకులు, కొమ్మలు విస్తరిస్తాయి. వాటితో పోలిస్తే వేర్ల వాటా తగ్గుతుంది. నేలలో నైట్రేటు ఎక్కువైతే పప్పుజాతి మొక్కలకు బుడిపెలు కూడా తగ్గుతాయి.

ఆలూరు ప్రాంతపు సేద్యంలో ప్రాధాన్యత

ఇంగ్లండుకు చెందిన జాన్ అగస్టస్ వోల్కర్ 1889-91లో భారతదేశంలో పర్యటించి, 1893లో వ్యవసాయంపై నివేదిక ప్రచురించాడు. పేడను పిడకలుగా కాల్చడం వల్ల పొలానికి చేరవలసిన నత్రజని నష్టమవుతున్నదని అందులో వివరించాడు. అప్పట్లో ఆలూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరింది.

వర్షాధారమైన ఈ ప్రాంతంలో వేరుశనగ, సెనగ, కంది, జొన్న, పత్తి పండుతాయి. ఇటువంటి మెట్ట నేలలో నత్రజని మోతాదు కేవలం ఎరువు ఖర్చుకు సంబంధించిన విషయం కాదు. తొలి వానలకు ఎక్కువ నత్రజని వేస్తే పైరు ఏపుగా ఎదిగి, విస్తరించిన ఆకుల ద్వారా నేలలోని తేమను త్వరగా ఖర్చుచేస్తుంది. ఆపై వాన ముఖం చాటేస్తే గింజ కట్టే దశకు నీరు మిగలదు. బొత్తిగా వేయకపోతే జొన్న, పత్తి పైర్లు వాన కురిసినా గిడసబారిపోతాయి. కంది సాళ్ళు కలిపి వేయడం, పప్పుజాతి పంట తరువాత జొన్న వేయడం వంటి పద్ధతులకు హెల్రీగెల్ ప్రయోగాలు శాస్త్రీయ ఆధారాన్ని చూపాయి. సెనగకు దానికి తగిన బాక్టీరియానే కావాలి. అందువల్ల సెనగను కొత్తగా వేసే పొలంలో విత్తనానికి రైజోబియం కల్చరు పట్టిస్తారు. లూపిన్ కుండీలలో కనిపించిన సూత్రమే దీనికీ మూలం.

మరణం

హెల్రీగెల్ 1895 సెప్టెంబరు 24న బెర్న్‌బర్గ్‌లో మరణించాడు. అప్పటికి ఆయన కనుగొన్న విషయాన్ని రోథమ్‌స్టెడ్ శాస్త్రవేత్తలు కూడా తమ ప్రయోగాలతో ధ్రువపరచారు.