అల్ ఖ్వారిజ్మీ: పిల్లల కోడింగ్ పాఠంలో దాగిన బాగ్దాద్ పండితుడు

పిల్లలు సొంతంగా ఆటలు తయారు చేసుకుంటూ కోడింగ్ నేర్చుకునే పద్ధతికి 1967లో అమెరికాలో వచ్చిన లోగో భాష దారి వేసింది. 2007లో ఎంఐటీ విడుదల చేసిన స్క్రాచ్ దాన్ని ప్రపంచమంతా తీసుకుపోయింది. ఆ పాఠాల్లో మొదట వినిపించే మాటల్లో ఒకటి అల్గారిథం. అది ఒక మనిషి పేరు నుంచి పుట్టిన మాట. ఆ మనిషి ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780లో పుట్టారు. ఆయన పేరు ఖ్వారిజ్మ్ ప్రాంతాన్ని సూచిస్తుంది. అందులో కొంత భాగం ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 813 నుంచి 833 మధ్య, ఆయన బాగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. అప్పటికే మన దేశపు ఖగోళ శాస్త్రం సింద్‌హింద్ పేరుతో అరబ్బీలోకి వెళ్లింది. దాన్ని ఆధారం చేసుకుని ఆయన గ్రహాల పట్టికలు తయారుచేశారు. 2400కు పైగా ఊళ్లు, కొండలు, నదులు ఎక్కడెక్కడున్నాయో అక్షాంశాలు, రేఖాంశాలతో చెప్పే పుస్తకమూ రాశారు.

సుమారు 825లో హిందూ అంకెలతో లెక్కలు ఎలా చేయాలో వివరించారు. సున్నాతో సహా మన పిల్లలు రాసే అంకెలను చాలామంది ఇంగ్లీషు అంకెలనుకుంటారు. నిజానికి అవి ఈ గడ్డ మీద పుట్టి, బాగ్దాద్ మీదుగా యూరప్ చేరాయి. అక్కడ లాటిన్‌లో ఆయన పేరు అల్గోరిత్మీ అయింది. అదే అల్గారిథం.

ఆయనకు పేరు తెచ్చిన పుస్తకం అల్ జబ్ర్. ఆ మాటకు విరిగిన దాన్ని మళ్లీ సరిచేయడమని అర్థం. ఎముకలు కట్టడానికీ అదే మాట. సీమలో చేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుంటారు కదా, లెక్కలో ఆయన చేసింది అలాంటి పనే. వారసత్వంలో వాటాలు, భూమి కొలతలు, వ్యాపారం, కాలువల తవ్వకం, ఇట్లాంటి పనులున్న మామూలు జనం కోసం ఆ పుస్తకం రాశారు. తెలియని దాన్ని షై అన్నారు. ఉర్దూలో కూడా షై అంటే వస్తువే. కోడింగ్‌లో స్కోరు దాచుకునే వేరియబుల్ దీనికి దగ్గరి చుట్టం.

ఆయన పద్ధతి చూడండి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పది రెట్లు కలిపితే 39 వచ్చింది. సంఖ్య ఎంత? పదిని సగం చెయ్యి, 5. దాన్ని దానితోనే గుణించు, 25. దానికి 39 కలుపు, 64. వర్గమూలం 8. అందులోంచి 5 తీసెయ్యి. జవాబు 3. తర్వాత చతురస్రం గీసి అదెందుకు నిజమో చూపించారు. ఎక్కడా గుర్తులు లేవు, అంతా మాటల్లోనే.

మన పిల్లలకు పనికొచ్చేది ఇదే. కడప బండల నేల మీద సుద్దముక్కతో పులి-మేక ఆట గీసుకునే పిల్లకు మూడు పులులు, పదిహేను మేకల సంగతి తెలుసు. దాన్నే కంప్యూటర్‌కు నేర్పాలంటే ఒక్కో మెట్టూ చెప్పాలి. పులి పక్కన మేక ఉందా? ఆ మేక అవతల అదే గీత మీద చోటు ఖాళీగా ఉందా? రెండూ అవునంటే పులి దూకాలి, మేకను తీసెయ్యాలి, చచ్చిన మేకల లెక్క ఒకటి పెంచాలి. అదే గీత అన్న మాట మర్చిపోతే పులి అడ్డదిడ్డంగా దూకుతుంది. ఆట చెడుతుంది. ఎక్కడ చెడిందో వెతికి సరిచేసుకోవాల్సింది ఆ పిల్లే. చేత్తో చేసే అల్ జబ్ర్ అది.

ఫోన్‌లో ఇంకొకరు చేసిన ఆట గంటలకొద్దీ ఆడితే ఈ పని రాదు. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, కర్నూలులోనూ ఉంది. కానీ ఆ గేటు దాకా వచ్చేది పదో తరగతో, ఇంటరో దాటిన పిల్లలు. ఆలోచించడం ఎనిమిదేళ్లకే మొదలవ్వాలి. ఇంగ్లీషు రాదని, ఇంట్లో కంప్యూటర్ లేదని ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలను పక్కన పెట్టడం పెద్ద తప్పు. మెట్లు మెట్లుగా ఆలోచించడానికి సొంత భాష, ఒక బండ, ఒక సుద్దముక్క చాలు. కంప్యూటర్ తర్వాత వచ్చినా పట్టుకుంటారు.

అల్ ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూశారు. 1145లో అల్ జబ్ర్ లాటిన్‌లోకి పోయి ఆల్జీబ్రా అయింది. హిందూ దేశపు అంకెలను ముస్లిం పండితుడు నేర్చుకున్నాడు, ఆయన దగ్గర యూరప్ నేర్చుకుంది. ఆ చదువులో సగం సొమ్ము ఈ దేశానిదే. దాన్ని అందుకునే హక్కు కర్నూలు, కడప గల్లీల్లోని పిల్లలకూ ఉంది.