రాజాం నుంచి బొబ్బిలి దాకా

మన బిలాస్‌పూర్‌లో కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, రాత్రంతా ప్రయాణం చేశాక, రాయగడ, పార్వతీపురం దాటి బొబ్బిలి జంక్షన్ వస్తుంది. సెలవులకు ఊరెళ్ళే మన పిల్లల్లో చాలామంది ఆ స్టేషన్‌ను నిద్రలోనే దాటేస్తారు. బదిలీల మీద తిరిగే మేమూ ఎన్నోసార్లు అలాగే దాటాం. కిందటి చలికాలంలో మాత్రం తెలుగు తరగతి పిల్లలతో అక్కడ దిగాం. యుద్ధం జరిగిన నేల ఎలా ఉంటుందో చూడాలని వాళ్ళ పట్టుదల.

బొబ్బిలి యుద్ధం అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చే పేరు తాండ్ర పాపారాయుడు. బుర్రకథల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఆయనే కథానాయకుడు. అయితే కోట పడిపోయిన రోజున ఆయన బొబ్బిలిలో లేడు.

పాపారాయుడు బొబ్బిలి రాజు గోపాలకృష్ణ రంగారావు దగ్గర సేనాని. రాణి మల్లమ్మదేవి ఆయన తోబుట్టువని జనం చెప్పుకుంటారు. ఆయన ఉండేది రాజాంలో. అక్కడి నుంచి బొబ్బిలికి ఇప్పుడు బస్సులో గంట దారి. బొబ్బిలికి పొరుగునే విజయనగరం. రెండు సంస్థానాలకూ ఎప్పటినుంచో పడదు. పొలిమేరల దగ్గర తగువు, కాలువ నీళ్ళ దగ్గర తగువు. పల్లెల్లో పక్కపక్క చేలవాళ్ళు నీళ్ళ కోసం పోట్లాడుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఇద్దరికీ సైన్యాలున్నాయి.

అప్పటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉన్నాయి. వాళ్ళ సేనాని బుస్సీ. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఆయనకు దగ్గరయ్యాడు. కోట వదిలి వేరేచోటికి పొమ్మని రంగారావుకు కబురు వెళ్ళింది. తాతల నాటి కోటను వదలడానికి రంగారావు ఒప్పుకోలేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి మట్టికోట మీద పేలాయి. లోపలివాళ్ళు కొద్దిమందే అయినా గంటల తరబడి నిలబడ్డారు. ఇక కోట దక్కదని తేలాక ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువుల చేత చిక్కకూడదని తమవాళ్ళే వాళ్ళను చంపుకున్నారు, ఇళ్ళకు నిప్పు పెట్టుకున్నారు. రంగారావు పోరాడుతూ చనిపోయాడు.

ఈ భాగం చెప్పేటప్పుడు మేము తడబడ్డాం. ఆరో తరగతి అమ్మాయి ఒకతి, ఆ పిల్లలను ఎవరూ అడగలేదా అంది. మా దగ్గర జవాబు లేదు. పసివాడైన రాజకుమారుడు చినరంగారావు మాత్రం బతికాడని, తరవాత ఆ వంశం నిలిచిందని చెప్పాం. ఆ అమ్మాయికి అది సరిపోలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

పాపారాయుడికి కబురు ఆలస్యంగా అందింది. రాజాంకు పంపిన కబురును శత్రువులు దారిలో అడ్డుకున్నారని కథలు చెబుతాయి. బండి ఎన్ని గంటలు లేటో రోజూ వినే రైల్వే కాలనీ పిల్లలకు ఆలస్యం కొత్త కాదు. కానీ ఆయన వచ్చేసరికి మిగిలింది బూడిద. కొద్ది రోజులకే ఒక రాత్రి నమ్మకమైన అనుచరులతో ఆయన విజయరామరాజు గుడారంలోకి దూరి, రాజును పొడిచి చంపాడు. తిరిగి ప్రాణాలతో బయటపడలేదు. రాజును చంపాక తనను తానే పొడుచుకున్నాడని కథకులు చెబుతారు.

దీన్ని శౌర్యమనాలా, పగ అనాలా? మేము చిన్నప్పుడు సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్ళమే. అక్కడ నిలబడి చెబుతుంటే మాత్రం చప్పట్లు కొట్టాలనిపించలేదు. పైగా మా జట్టులో విజయనగరం అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ళ ఊరే చెడ్డదా అని మెల్లగా అడిగాడు. ఇప్పుడు బొబ్బిలి ఉన్నది విజయనగరం జిల్లాలోనే అని చెబితే కొంచెం నవ్వాడు. తరవాతి కథ కూడా చెప్పాం. చనిపోయిన రాజుకు వారసుడైన ఆనందగజపతి రాజు ఫ్రెంచివాళ్ళతో చెడి ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. సాయానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఇక వెళ్ళలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర, ఆ ఇంగ్లీషు కంపెనీ సైన్యంతోనే పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు వదిలాడు. బొబ్బిలి ఫిరంగులు పేలి అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు.

బొబ్బిలిలో పాత కోట నిలిచి లేదు. అది ఉన్నచోట 1891లో బొబ్బిలి రాజావారు కట్టించిన స్మారక స్తంభం ఉంది. పెద్ద కోటను ఊహించుకుని వచ్చిన పిల్లలు మొదట నిరాశపడ్డారు. తరవాత స్తంభం చుట్టూ తిరిగి, కోటగోడ ఎక్కడుండేదో వాళ్ళే అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. పక్కనే గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి నుంచి కదలనన్నారు. మధ్యాహ్నం భోజనం సాయంత్రం అయింది.

విజయనగరం అబ్బాయి స్తంభం దగ్గర చెప్పులు విప్పి కాసేపు ఒక్కడే నిలుచున్నాడు. తిరుగు బండిలో మా దగ్గరికొచ్చి, పద్మనాభంలో కూడా స్తంభం ఉందా అని అడిగాడు. ఈ ఏడు అక్కడికే వెళ్దామనుకుంటున్నాం. రాదలచినవాళ్ళు తెలుగు తరగతిలో పేరు రాయించుకోండి.