మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ – అన్నదాన దీక్ష

శ్రీనివాసుని దర్శించి ఆలయము వెలుపలికి వచ్చిన యాత్రికుడు పంక్తిలో కూర్చుండి వేడి అన్నము ఆరగించుట నేడు మనకు సహజముగా తోచును. రెండువందల యేండ్లకు పూర్వము అది అంత సులభము కాదు. అడవిదారిని నడచి, మెట్లెక్కి, కొండ చేరిన పేదభక్తునకు స్వామి దర్శనము లభించినను ఆకలి తీరుననెడి నిశ్చయము లేదు. తనదని చెప్పుకొనదగిన సంపద ఏదియు లేకున్నను, ఆ భక్తుల ఆకలిని తన బాధ్యతగా స్వీకరించిన పుణ్యమూర్తి తరిగొండ వెంగమాంబ.

రాయలసీమలో గుఱ్ఱంకొండకు చేరువనున్న తరిగొండ గ్రామమున, 1730 ప్రాంతమున, కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించెను. ఆ ఊరి లక్ష్మీనృసింహస్వామియే ఆమె ఇష్టదైవము. ఆనాటి ఆచారము ననుసరించి చిన్నతనముననే వివాహము జరిగెను; అనతికాలముననే భర్త గతించెను. శ్రీహరియే తన పతియని నమ్మిన ఆమె వైధవ్య చిహ్నములను ధరించుటకు సమ్మతింపలేదు. అందులకు లోకుల నిందను భరింపవలసి వచ్చినది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యాచార్యులు ఆమెకు గురువై జ్ఞానయోగ మార్గమును ఉపదేశించిరి. తుదకు పుట్టినయూరిని విడిచి ఆమె తిరుమల చేరెను.

కొండపై ఆమె తులసివనమును పెంచి స్వామిని సేవించెను. తుంబురుకోనలో తపస్సు చేసెనని పెద్దలు చెప్పుదురు. వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము మొదలగు కృతులను రచించెను. ఇంతటి యోగినికి లోకముతో పనియేమి యని కొందరికి తోచవచ్చును. కాని స్వామిని చూడవచ్చిన వారి ఆకలి ఆమెకు లోకవ్యవహారముగా కనబడలేదు. అదియు స్వామి సేవగనే కనబడినది.

వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. తన ఇష్టదైవము అవతరించిన ఆ పర్వమును పురస్కరించుకొని వెంగమాంబ తిరుమలలో అన్నదానమును, చలిపందిరిని నడిపించెను. అది మండువేసవి. ఎండలో కొండ యెక్కి వచ్చినవారికి మొదట కావలసినది గ్రుక్కెడు నీరు, పిమ్మట పిడికెడు మెతుకులు. పర్వదినమునకును, ప్రజల అవసరమునకును ఇంతటి పొందిక మరియొకటి కలదా?

అయితే కొండపై వరిమళ్లు లేవు. బియ్యమైనను పప్పైనను దిగువనుండియే రావలెను. ఒక ఏడు ఉత్సాహముతో ఇచ్చి, మరుసటి ఏడు మరచిపోవు దాతలతో ఇట్టి కార్యము సాగదు. పొయ్యి వెలిగించు దినము నిశ్చయమైనపుడు, ఆ పొయ్యిపైకి రావలసిన గింజయు నిశ్చయము కావలెను. వెంగమాంబ నడిపిన అన్నదానమునకై దాతలు వ్రాసి యిచ్చిన దానపత్రములు లభించినవి. అవి 18వ శతాబ్ది చివరి భాగమునకును 19వ శతాబ్ది తొలి సంవత్సరములకును చెందినవి. భక్తిచే పలికిన మాట పత్రముపైకి ఎక్కినప్పుడు అది బాధ్యతగా మారును. ఒక నిరుపేద యోగినిని నమ్మి గృహస్థులు ఇట్లు కట్టుబడిరన్నచో, ఇచ్చినది విస్తరికే చేరునను విశ్వాసము వారికి ఎంతగా ఉండెనో ఊహింపవచ్చును.

1817లో వెంగమాంబ పరమపదించెను. ఆమె సమాధి తిరుమలలోనే కలదు. ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాల హారతి నేటికిని జరుగుచున్నది. ఆమె పాటించిన అన్నవ్రతమును కొండ మరువలేదు. 1985 ఏప్రిల్ 6న తిరుమల తిరుపతి దేవస్థానములు నిత్యాన్నదాన పథకమును ప్రారంభించినపుడు దినమునకు రెండువేలమందికి భోజనము పెట్టుట సంకల్పము. 2011 జూలైలో ఆరంభమైన విశాల భోజనశాలకు వెంగమాంబ పేరే పెట్టిరి. అచట ఒక్కమారుగా నాలుగువేలమంది కూర్చుండి భుజింపవచ్చును. దాతల విరాళములను బ్యాంకులలో నిలువచేసి, వాని వడ్డీతో అన్నదానము సాగించు పద్ధతి ఏర్పడినది. కూరగాయలను పంపు భక్తులును కలరు. పూర్వము దానపత్రము చేసిన పనినే నేడు ఈ మూలధనము చేయుచున్నది.

వెంగమాంబ చరిత్ర చదివి చేతులు జోడించుట మంచిదే, అంతటితో ఆగరాదు. మన ఊరి రామాలయములోనో, పెరుమాళ్ల సన్నిధిలోనో పండుగనాడు పొయ్యి వెలుగుచున్నదా? వెలిగినచో ఆ బియ్యము ఎవరిది? ఒక్క ధనికుని దయపై ఆధారపడిన అన్నదానము ఆ ధనికునితోనే ముగియును. నూరిండ్ల పిడికిళ్లపై నిలిచినది ఒక ఇంట కష్టము వచ్చినను ఆగదు. కనుక ప్రతి గృహిణియు వంటకు బియ్యము కొలుచు వేళ ఒక పిడికెడు వేరుగా తీసియుంచవచ్చును. నెలకొక దినము నిర్ణయించుకొని, తప్పక ఆలయమునకు చేర్చవచ్చును. దానము చిన్నదైనను దినము తప్పరాదు. ఆకలిగొన్నవాడు మనకు వీలైన నాటివరకు ఆగలేడు గదా! ఆ పిడికెడు గింజలు చేరిన ప్రతి పంక్తిలోను వెంగమాంబ వడ్డించుచునే యుండును. శ్రీనివాసుడు ఆరగించుచునే యుండును.