పాఠపరిష్కర్త బ్రౌను

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి 1820లో కడపకు వచ్చిన బ్రౌను, తెలుగు కావ్యములు తాళపత్రములలో శిథిలమగుచుండుట చూచెను. పురుగు తిన్నవి కొన్ని. వ్రాయసగాండ్ర చేతులలో తప్పులు చేరినవి అనేకము. ఒకడు జారవిడిచిన అక్షరమును మరియొకడు తనకు తోచినట్లు పూరించుటచే, కవి మాట యేదో లేఖకుని మాట యేదో తెలియరాకుండెను.

బ్రౌను కడపలో బంగళా కొని, పండితులను లేఖకులను చేరదీసి, స్వంత ధనముతో జీతములిచ్చెను. అందులకై అప్పులపాలయ్యెను. ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులు తెప్పించి, శుద్ధప్రతి వ్రాయించి, పద్యములకు సంఖ్యలు వేయించి, ఎదుటి పుటలో పాఠభేదములను గుర్తింపజేసెడివాడు. పిమ్మట తెలుగు, సంస్కృతము, ఛందస్సు నెరిగిన పండితులు ప్రతి పద్యమును గూర్చి వాదించెడివారు. న్యాయాధికారియైన ఆయన, సాక్ష్యములు విని తీర్పు చెప్పునట్లు పాఠమును నిర్ణయించెడివాడు.

ఈ పనిలో ఒక చిక్కు కలదు. వ్యాకరణమునకు లొంగని ప్రయోగము లేఖకుని పొరపాటా, కవి పలుకుబడియా? మొదటిదైన దిద్దవలెను, రెండవదైన దిద్దుట అపచారము. వేమన పద్యములను పండితులు చిన్నచూపు చూచినను, బ్రౌను 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ప్రజల నోట నిలిచిన మాటలు గ్రంథమునకు తగవని త్రోసిపుచ్చలేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమునకు ఈ వివేకము మరింత అవసరము. జాను తెనుగున, దేశి ద్విపదలో వెలసిన ఆ కృతిని తరువాతి లాక్షణికుల కొలతలతో సవరించినచో, పుస్తకము మిగులును గాని సోమనాథుడు మిగులడు. జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి బ్రౌను 1840లో మద్రాసునుండి వెలువడు విద్వత్పత్రికలో వ్యాసము ప్రకటించెను. శివకవుల వాఙ్మయము పాశ్చాత్య పండితుల దృష్టికి వచ్చుటకు అది తోడ్పడెను.

1852లో ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడెను. ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరిన పిమ్మట లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న బ్రౌను కన్నుమూసెను. ఆయన సేకరించిన ప్రతులు మద్రాసులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నిలిచినవి. పాఠభేదములను చెరిపివేయక పొందుపరచుటచే, ఆయన తీర్పును సైతము మరల విచారించు వీలు తరువాతివారికి కలిగెను. పరుల రచనను దిద్దువానికి పాండిత్యముతోపాటు అణకువయు కావలెననుటకు బ్రౌను కృషియే నిదర్శనము.